కొల్లేరు మొత్తానికి ఒక్కటే సీటు

నేను ప్రయాణాలు చేసే మనిషిని కాను. మా నాన్నగారి కాలంలో జనం మా ఇంటికి వచ్చేవారు. మేము ఎవరి దగ్గరికీ వెళ్ళేవాళ్ళం కాము. ఇల్లు పోయినా ఆ అలవాటు పోలేదు. విశాఖపట్నంలో అద్దెకున్న రెండు గదులు దాటి బజారుకి, గ్రంథాలయానికి తప్ప కదలను. అలాంటివాణ్ణి ఈ శ్రావణంలో ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు తిరిగి వచ్చాను. ఆ వైపు వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో ఉద్యోగం కోసం చూస్తున్న పిల్లలున్నవాళ్ళు కాస్త నిదానంగా చదవండి.

ఒక ఫోనుతో మొదలైంది.

"ఏవండీ, ఏలూరు బంగళావారంటే మీరేనాండీ?"

అవునన్నాను. ఆ మాట విని చాలా ఏళ్ళయింది. వీపు నిటారుగా పెట్టుకుని మరీ అన్నాను.

"నేను గూడెంలో ఉల్లిపాయల వ్యాపారం చేస్తానండీ. మీ నంబరు కోసం నానా తంటాలు పడ్డాను. మీ ఆఫీసువాళ్ళు మా మేనల్లుడికి ఉద్యోగం ఇచ్చారు. ఎలాంటి ఉద్యోగమో మీరే వచ్చి కళ్ళారా చూడండి. ఫోనులో మాట్లాడితే మీలాంటి పెద్దవాళ్ళని అనకూడని మాట అనేస్తానండీ."

ఫోను పెట్టేశాడు. నాకు ఏలూరులో ఆఫీసు లేదు. బంగళా కూడా లేదు. నేను కాలేజీలో ఉండగానే నాన్నగారు దాన్ని అమ్మేశారు. అమ్ముతూ ఒకే ఒక షరతు పెట్టారు: గేటు మీద మా ఇంటిపేరు చెక్కిన రాయిని ఎప్పటికీ తీయకూడదు. కొన్నాయన సంతోషంగా ఒప్పుకున్నాడు. ఆరోగ్యం కోసం సముద్రం ఒడ్డుకు వెళ్తున్నామని ఊళ్ళో చెప్పి వచ్చేశాం. ఆ చుట్టుపక్కల చాలామంది మేమింకా సముద్రపు గాలి పీలుస్తున్నామనే అనుకుంటున్నారు. ఆ ఊహను మేమూ చెదరగొట్టలేదు.

మర్నాడు పొద్దున్న బండి ఎక్కాను.

ఏలూరు: గేటు మీది రాయి

ఏలూరులో దిగగానే చెవికి తెలిసే తేడా మాట. మా విశాఖలో ఆటోవాడు "ఏటి బాబూ, ఎక్కడికి?" అంటాడు. ఇక్కడ "ఎక్కడికి వెళ్ళాలండీ, కూర్చోండి, సంచీ ఇలా ఇవ్వండి" అని, అంత మర్యాదగానూ రెట్టింపు అడుగుతాడు. స్టేషను నుంచి బంగళాకి నూటయాభై అన్నాడు. నేను బేరం ఆడను. అది కూడా ఇంటి నుంచి వచ్చిన జబ్బే.

కాలువ దాటి మలుపు తిరిగితే రాయి కనబడింది. ఈమధ్యే కడిగి, అక్షరాల్లో బంగారు రంగు నింపారు. మేమున్నప్పుడు కూడా అది అంతలా మెరవలేదు. దాని కింద ఒక బ్యానరు: విదేశాల్లో ఉద్యోగాలు, డిగ్రీ చాలు, అనుభవం అక్కర్లేదు.

ఒకప్పుడు ఏలూరు తివాచీ పరిచి ఉండే ముందు హాలులో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అన్నీ నిండి ఉన్నాయి. నన్ను చూడగానే ఒకాయన లేచి కుర్చీ ఇచ్చాడు. నల్లటి చేతులు, మోచేతుల దాకా పాత గీతలు. పక్కన కూతురు.

"మీరు కూర్చోండి బాబూ. మేం కొల్లేటోళ్ళం, నిలబడ్డం అలవాటే."

"అమ్మాయికి ఉద్యోగమా?" అన్నాను.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "అబ్బే, లేదండీ. ఏదో సర్టిఫికెట్టు పనుండి వచ్చాం" అంది అమ్మాయి. ఊరి పేరు అడిగితే చెప్పింది. తన పేరు భూలక్ష్మి, తండ్రి పెద్దిరాజు. ఉద్యోగాలిచ్చే చోట కూర్చుని ఉద్యోగానికి రాలేదనడం ఏమిటో నాకు అర్థం కాలేదు. చుట్టూ చూస్తే ఎవరూ ఎవరితోనూ మాట్లాడడం లేదు. లోపలికి ఒక్కొక్కరినే పిలుస్తున్నారు. వెళ్ళినవాళ్ళు ఈ హాలులోకి తిరిగి రావడం లేదు, వెనక వరండా నుంచి వెళ్ళిపోతున్నారు.

నా వంతు వచ్చింది. మేనేజరుకి ముప్పై ఏళ్ళుంటాయి. నేనెవరో చెప్పగానే లేచి వచ్చి కాళ్ళకు దండం పెట్టాడు. టీ తెప్పించాడు.

"నా పేరు వాడుకుంటున్నారని తెలిసింది" అన్నాను.

"రాయి మీద పేరు మీదేనండీ, నేను కాదనలేదు. గోడ ఓనరు గారిది. అద్దె నాది. ఇందులో తప్పేముందో మీరే చెప్పండి." నవ్వుతూ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అసలు నేనే మీ దగ్గరికి రావాలనుకున్నానండీ. నెలకోసారి వచ్చి అదిగో ఆ పెద్ద కుర్చీలో కూర్చుంటే చాలు. గౌరవ చైర్మను. కారు పంపిస్తాను. మిమ్మల్ని చూస్తే పిల్లలకి ధైర్యమండీ."

"మా ఇంట్లో ఎవరూ కుర్చీలో అద్దెకు కూర్చోలేదు" అని లేచాను. టీ ముట్టలేదు. నన్ను కూడా వెనక వరండా నుంచే పంపించాడు. నా చిన్నప్పుడు పాలేళ్ళు వచ్చి వెళ్ళిన దారి అది.

ఆ రాత్రి లాడ్జీలో మంచం కన్నా నేల మీదే ఎక్కువ సేపు గడిపాను, నడుస్తూ. పేరు పోయిందన్న కోపం తప్ప అప్పటికి నాకు ఇంకేమీ తెలియదు.

గూడెం: ఉల్లిపాయల మధ్య

ఏలూరు నుంచి బస్సు బయలుదేరాక వట్లూరు దగ్గర కాలేజీల గోడలన్నీ కరపత్రాలే. ట్యూషన్లు, హాస్టళ్ళు, విదేశీ ఉద్యోగాలు. వాటిలో కొన్నింటి మీద మా గేటు ఫోటో ఉంది. బస్సు పరుగులో కూడా గుర్తుపట్టాను. ఆ తర్వాత కిటికీ వైపు చూడలేదు.

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో ఎవరూ ఏడవరు, వచ్చినవాళ్ళకే కళ్ళు మండుతాయి. లారీల నుంచి బస్తాలు దిగుతూనే ఉంటాయి. ఉల్లిపొరలు గాలికి లేచి చొక్కాలకూ జుట్టుకూ అంటుకుంటాయి. నాకు ఫోను చేసిన వీరభద్రరావు గారి కొట్టు కనుక్కోవడానికి కష్టపడలేదు. నేను మెట్టు ఎక్కుతుంటేనే ఆయన గుర్తుపట్టారు.

"వచ్చారా! కారు ఎక్కడ పెట్టారండీ?"

"బస్సులో వచ్చాను."

ఆయన నన్ను కిందినుంచి పైకి చూశారు. "సరే, కూర్చోండి. బంగళావారు బస్సులో రావడం కూడా చూశాను ఈ జన్మకి."

మేనల్లుడు కిరణ్ కాటా దగ్గర కూర్చుని ఉన్నాడు. ఇరవై నాలుగేళ్ళు. పక్కన ఎవరి ఫోను మోగినా భుజాలు బిగుసుకుంటున్నాయి. మేనమామ చెప్పమంటే కాసేపు ఉల్లిపొరలు నలుపుతూ ఉండి, చెప్పాడు.

"డేటా ఎంట్రీ అన్నారండీ. బ్యాంకాక్ దాకా విమానం. అక్కడ కారెక్కించి రాత్రంతా తిప్పారు. ఒక ఏరు దాటించారు. అటు వైపు పెద్ద బిల్డింగు, చుట్టూ ముళ్ళ కంచె. పాస్‌పోర్టు తీసుకున్నారు. నాకు ఒక అమ్మాయి పేరు పెట్టారండీ, ఒక అమ్మాయి ఫోటో ఇచ్చారు. రోజంతా మన తెలుగువాళ్ళకే మెసేజీలు పెట్టాలి. భార్య పోయిన పెద్దవాళ్ళు, రిటైరైనవాళ్ళు. ప్రేమగా మాట్లాడి వాళ్ళ డబ్బు ఒక దొంగ యాప్‌లో పెట్టించాలి. పెట్టించకపోతే..." చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకున్నాడు.

"ఎలా వచ్చావు?"

"పోలీసులు దాడి చేశారండీ. మన ఎంబసీవాళ్ళు పంపించారు. నాతో ఉన్నవాళ్ళు అందరూ రాలేదు."

వీరభద్రరావు గారు అందుకున్నారు.

"నేను వ్యాపారస్థుణ్ణండీ. ఒక్క బస్తా కొనాలంటే అడుగు దాకా చెయ్యి పెట్టి చూస్తాను. అలాంటివాణ్ణి వీడి వీసా మీద ఏం రాసుందో చూడలేదు. టూరిస్టు వీసా అండీ అది! వెళ్ళాక మారుస్తామన్నారు, సరే అన్నాను. మనుషుల్ని విదేశాలకి పంపడానికి లైసెన్సు ఉందా అని అడగలేదు. ఎందుకడగలేదో చెప్పనా? మీ గేటు చూశాను. అద్దె గదిలో ఉన్నవాడు రాత్రికి రాత్రి పారిపోతాడు. బంగళా ఎక్కడికి పోతుందండీ?"

"ముందు ఎవరినైనా వాకబు చేయాల్సింది" అన్నాను.

"ఎలా చేస్తామండీ? పని అయ్యేదాకా బయటికి చెప్పం కదా. దిష్టి. మా ఇంట్లో వీడి పిన్నికి కూడా విమానం ఎక్కాకే చెప్పాం."

అప్పుడు నాకు ఆ హాలు గుర్తొచ్చింది. మా విశాఖలో, మా వీధిలో, ఇంటర్వ్యూకి పిలుపు వస్తే చాలు మిఠాయి పంచుతారు, ఉద్యోగం రాకపోయినా తిన్నవాళ్ళు తిరిగివ్వరు. ఇక్కడ శుభవార్తను చేతికందేదాకా కొంగు కింద దాచుతారు. ఆ మేనేజరు పెట్టుబడి మా రాయి ఒక్కటే కాదు, ఈ దాపరికం కూడా. ఒకే హాలులో పక్కపక్కన కూర్చున్నవాళ్ళు ఒకరికొకరు సర్టిఫికెట్టు పనని చెప్పుకుంటున్నారు.

"పోలీసులకు చెప్పారా?"

ఆయన గొంతు తగ్గింది. "ఇంకా లేదండీ. వీడికి సంబంధాలు చూస్తున్నాం."

భోజనానికి ఉండమన్నారు. ముద్దపప్పు, ఉల్లిపాయ పులుసు, వడియాలు. మంచి భోజనమే. విస్తరి ముందు కూర్చున్నాను గాని, కుర్చీ ఇచ్చిన ఆ కొల్లేటి మనిషి చేతులే కనబడుతున్నాయి. ఆ పిల్ల ఎప్పుడు బయలుదేరుతుందో, బయలుదేరిందో.

"ఆ మేనేజరు పంపేముందు ఏం చేస్తాడు?" అని కిరణ్‌ని అడిగాను.

"ద్వారకా తిరుమల తీసుకెళ్తాడండీ. దర్శనం చేయించి, టికెట్టు చేతిలో పెడతాడు."

పెరుగన్నం సగంలో లేచాను. మా ఇంటా వంటా లేని పని.

ద్వారకా తిరుమల: పోయిన చెప్పు

మర్నాడు పొద్దున్నే కొండ ఎక్కాను. శ్రావణ మాసం, శనివారం. గుండ్లు, గొడుగులు, పసుపు బట్టలు, కొబ్బరి పీచు. క్యూలో నిలబడే ఓపిక లేక బయటినుంచే దండం పెట్టుకున్నాను. వచ్చేసరికి నా చెప్పుల్లో ఒకటే ఉంది. ఒక్క చెప్పు దొంగిలించి ఏం చేసుకుంటారో ఆ స్వామికే తెలియాలి. రబ్బరు చెప్పులు కొన్నాను, నూట ఇరవై. జన్మలో మొదటిసారి నీలం రంగు చెప్పులు.

చెప్పులు కొన్న కొట్టు పక్కనే కొబ్బరికాయల కొట్టు. కొట్టావిడని అడిగాను, ఏలూరు నుంచి కారులో ఉద్యోగాల మేనేజరు వస్తుంటాడా అని.

"తెల్లచొక్కా ఆయనేనాండీ? ఎప్పుడూ నా దగ్గరే కొంటారు. ఒక్కొక్కరినే తెస్తారు. మొన్న ఒకమ్మాయి, వాళ్ళ నాన్న. ఇవాళ తెల్లారకముందే ఒకబ్బాయి. ఇద్దరూ కొల్లేటి వైపు వాళ్ళేనండీ, మాట చెప్తుంది కదా. ఆ అబ్బాయి దగ్గర కొత్త సూట్‌కేసు కూడా ఉంది."

"ఏమైనా మాట్లాడుకున్నారా?"

"కొబ్బరికాయ చేతిలో పెట్టి ఒట్టు వేయించారండీ. చేరేదాకా ఎవరికీ చెప్పకూడదని. దేవుడి ముందు కదా, నేనూ చెప్పకూడదనుకోండి." ఆవిడ నాలుక కరుచుకుంది. "చెప్పేశానా?"

"మంచి పని చేశారు" అని, ఎక్కువ మాట్లాడకుండా కిందికి దిగాను. కొత్త చెప్పులు మడమలు కోశాయి.

లంకలో: ముందు ముద్ద, తర్వాత మాట

భీమడోలు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. కొల్లేరు అనగానే కొంగలు, తామరలు ఊహించుకునేవాళ్ళకు నా మాట: ముందు కనబడేవి చేపల చెరువులు. గట్టు వెనక గట్టు, నీటి మీద తిరిగే గాలి చక్రాలు, ఐసు కారుతూ పోయే లారీలు. అవి దాటాకే సరస్సు. వానాకాలం కాబట్టి నీళ్ళు ఆకాశం అంచు దాకా ఉన్నాయి. గూడబాతులు బరువైన పెద్దమనుషుల్లా తేలుతున్నాయి. దారి మునిగిందని ఆఖరి ముక్క దోనెలో దాటించారు. సన్నటి పడవ అది, అందులో నిటారుగా కూర్చోవడం కుదరదు. ప్రయత్నించి పంచె తడుపుకున్నాను. దోనె నడిపేవాడు నలభై అడిగాడు. బేరం లేదు.

ఊరి పేరు రాయనని అక్కడివాళ్ళకు మాటిచ్చాను. చేపలు తూచే రేకుల షెడ్డులో ఊరంతా పోగై ఉంది. ఊరుమ్మడి చెరువు వంతుల మాట తేల్చుకునేది అక్కడే. ఆ చెరువులో ప్రతి ఇంటికీ ఏడాదికి ఒక వంతు ఉంటుంది, ఆ ఇంటి తిండి అందులోంచే. ఎవరైనా తమ వంతు ఇంకొకరికి వదులుకోవాలంటే అందరి ముందూ నోటితో చెప్పాలి. చెప్పాక వెనక్కి తీసుకోవడం లేదు. పెద్దిరాజు అక్కడ తల వంచుకుని నిలబడి ఉన్నాడు. భూలక్ష్మి వెనక గోడకు ఆనుకుని ఉంది.

"వంతు ఎందుకు వదులుకుంటున్నావురా?" అని ఊరి పెద్ద సాంబయ్య అడుగుతున్నాడు.

"ఇంటి అవసరం బాబాయ్."

"ఏం అవసరం?"

"అవసరమే."

నాకు అర్థమైంది. వంతు అమ్మిన డబ్బు మేనేజరుకి పోతుంది, పిల్ల ఏటి అవతలి కంచెలోకి పోతుంది. "ఆగండి!" అన్నాను, అంత గట్టిగా అరిచి నాకు అలవాటు లేదు.

అందరూ తిరిగారు. సాంబయ్య నా తడి పంచెనూ నీలం చెప్పులనూ చూశాడు. "ఎవరండీ? దూరం నుంచి వచ్చినట్టున్నారు. ముందు ముద్ద తినండి."

"తినడానికి వేళ లేదు, ఒక ముఖ్యమైన—"

"మా ఊళ్ళో అంతేనండీ. ఆకలిమీద ఉన్నవాడి మాట వినం. తిన్నాక ఎంతైనా చెప్పండి. అమ్మాయ్, విస్తరెయ్."

కొరమీను పులుసు. ఎర్రగా, చింతపండు పులుపుతో, నిన్నటిదై మరీ రుచిగా ఉంది. అది నేను మామూలుగా మెచ్చుకుంటూ తినవలసిన పులుసు. పెద్దిరాజు నోరు తెరుస్తాడేమోనని అతని వైపు చూస్తూ మింగాను. ముల్లు గొంతులో దిగింది. ఒట్టి అన్నం ముద్దలు మింగిస్తూ ఇద్దరు ఆడవాళ్ళు వీపు నిమిరారు. కళ్ళనీళ్ళతో, దగ్గుతూ, మా వంశంలో ఎవరూ చేయని ఉపన్యాసం చేశాను.

బంగళావారంటే నేనేనన్నాను. బంగళా మాది కాదన్నాను. ఎప్పుడో అమ్మేశామన్నాను. విశాఖలో రెండు గదుల్లో అద్దెకుంటున్నానన్నాను. గేటు మీద రాయిని నమ్మి పిల్లను పంపొద్దన్నాను. కిరణ్‌కి జరిగింది చెప్పాను.

ఊరికి తెలియని ఉద్యోగం ఊరి మధ్యలో పడింది. పెద్దిరాజు ముఖం మాడిపోయింది.

"అయితే ఒక సంగతండీ" అన్నాడు సాంబయ్య నెమ్మదిగా. "మీరు బంగళావారేనని ఏంటి గుర్తు?"

గుర్తు లేదు. ఆధార్ కార్డు లాడ్జీలో వదిలేశాను.

"బంగళావారైతే బంగళా ఉండాలి. బంగళా లేదంటున్నారంటే బంగళావారు కారు. కానివాళ్ళ మాట మేమెందుకు వినాలండీ?"

నవ్వారు. ఒక ముసలాయన నవ్వలేదు. "నిజంగా బంగళావారే అయితే మరీ అనుమానించాలి. వాళ్ళకి మన పిల్లలు ఎప్పుడు బాగుపడితే గిట్టింది? మా నాన్న వాళ్ళ గట్టు మీద చెప్పులేసుకుని నడవలేదు."

అది అబద్ధం కాదు.

భూలక్ష్మి ముందుకొచ్చింది. "గొడవెందుకు, సారునే అడుగుదాం" అని ఫోను తీసి స్పీకరు పెట్టింది. "సార్, ఇక్కడికి ఒక పెద్దాయన వచ్చి బంగళావారంటే నేనే, బంగళా మాది కాదు అంటున్నారండీ."

"అయ్యో, అలాంటివాళ్ళు చాలామంది తిరుగుతున్నారమ్మా. బంగళా రాజావారు నా పక్కనే కూర్చుని ఉన్నారు, ఇదిగో మాట్లాడు."

ఒక గొంతు వచ్చింది. బావిలోంచి వచ్చినట్టు గంభీరమైన గొంతు. "ఏమమ్మా భూలక్ష్మీ! మా వంశం ఇచ్చిన మాట తప్పదు. నిశ్చింతగా బయలుదేరు."

నేను కాదన్న పదవి మూడు రోజుల్లోపే భర్తీ అయింది. ఆ కన్సల్టెన్సీ నిజంగా ఇచ్చిన ఉద్యోగం బహుశా అదొక్కటే.

సాంబయ్య నావైపు వంగి గుసగుసగా అన్నాడు: "ఏమనుకోకండి. ఆ గొంతులో బంగళా వినబడుతోంది. మీ గొంతులో బస్సు వినబడుతోందండీ."

నేను ఫోను లాక్కోబోయాను. భూలక్ష్మి చెయ్యి అడ్డం పెట్టింది. మొదటి వరుసలో కూర్చున్న ఒకావిడ, పొరుగింటి మంగమ్మ, ఆ పిల్లనే చూస్తోంది. ఆ చూపుకి భూలక్ష్మికి ఏదో తోచినట్టుంది. తనకొక్కదానికే మేలు జరుగుతోందని సిగ్గుపడిందనుకుంటాను.

"రాజా గారూ, మా పక్కింటి వెంకటేశు కూడా డిగ్రీ చదివాడండీ. నాకన్నా మార్కులెక్కువ. వాణ్ణి కూడా తీసుకోరా?"

"కుదరదమ్మా. కొల్లేరు మొత్తానికి ఒక్కటే సీటు. నేనే పట్టుబట్టి నీకిప్పించాను. ఎవరితోనూ అనకు, దిష్టి తగులుతుంది."

మంగమ్మ లేచి నిలబడింది. ఒళ్ళోని వల జారి కింద పడింది.

"అదేంటి! ఆ ఒక్క సీటూ మా వాడికి కదా ఇచ్చాడు! ఈ గొంతే! ఈ మాటే! దిష్టి అని కూడా అన్నాడు!"

ఫోను ఆగిపోయింది. షెడ్డులో అరుపులు మొదలయ్యాయి. పెద్దిరాజు నెమ్మదిగా వెళ్ళి మళ్ళీ తన చోట కూర్చున్నాడు. వంతు మాట ఇక ఎత్తలేదు.

"వెంకటేశేడీ?" అన్నాడు సాంబయ్య.

"భీమవరం పిన్ని దగ్గరికి..." అని మంగమ్మ మొదలుపెట్టి, నోటి మీద కొంగు పెట్టుకుంది. "స్టేషన్లో ఉన్నాడు. సాయంత్రం బండికి మద్రాసు. రేపు పొద్దున విమానం. ఫోను ఆపేసుకోమన్నారంట, దార్లో ఎవరూ పిలవకుండా."

మళ్ళీ ఏలూరు: ఒకటో నంబరు ప్లాట్‌ఫారం

దోనెలో మంగమ్మ, భూలక్ష్మి, నేను. తర్వాత ఆటో. చేపల లారీ ఒకటి దారి ఇవ్వకుండా ముందు నడుస్తూ ఐసునీళ్ళు మా మీద చిమ్మింది. మంగమ్మ పదే పదే కొడుకు ఫోనుకి చేసి, స్విచాఫ్ అని చెప్పే ఆ అమ్మాయి గొంతునే తిడుతోంది. "నోర్మూసుకుని వాడికియ్యవే!"

దారిలో నేను బంగళా యజమానికి ఫోను చేశాను. మూడు వాక్యాలు: షరతు రద్దు, ఆ రాయి రేపే తీయించండి, పోలీసులు వస్తే వాళ్ళకు సహకరించండి. ఆయన "రాయి లేకపోతే అద్దె తగ్గుతుందండీ" అన్నాడు. నేను పెట్టేశాను. వీరభద్రరావు గారికీ చేశాను. ఏలూరు పోలీసు స్టేషనుకి కిరణ్‌ని తీసుకుని రమ్మన్నాను. ఆయన ఫోను పట్టుకునే కిరణ్‌తో ఏదో మాట్లాడారు. తర్వాత "చొక్కా మార్చుకుని వస్తున్నామండీ" అన్నారు.

ఏలూరు స్టేషను కిక్కిరిసి ఉంది. వెంకటేశు ఒక బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. నుదుట కొండ మీది కుంకుమ, కాళ్ళ మధ్య సూట్‌కేసు. తల్లిని చూసి లేచి నిలబడ్డాడు.

"ఇక్కడికెందుకొచ్చావే? నేను పిన్ని దగ్గరికే వెళ్తున్నా."

"పిన్ని దగ్గరికి పాస్‌పోర్టెందుకురా?"

"నెమ్మదిగా! అందరూ వింటున్నారు!"

"విననీ" అంది భూలక్ష్మి. గొంతు తగ్గించలేదు. "ఒరేయ్, నాకూ ఇచ్చాడు. అదే కంపెనీ, అదే బంగళా, అదే కొబ్బరికాయ. కొల్లేరు మొత్తానికి ఒక్కటే సీటన్నాడు. నీకేమన్నాడు?"

వాడు ఆమెను చూశాడు, తల్లిని చూశాడు. మెల్లిగా సూట్‌కేసు మీదే కూర్చుండిపోయాడు.

అప్పుడు పక్క బెంచీ మీది అమ్మాయి తల తిప్పింది. ఆమె నుదుటా కుంకుమ ఉంది. ఆమె కాళ్ళ దగ్గరా కొత్త సూట్‌కేసు, అదే రంగు.

"కొల్లేరు మొత్తానికా అండీ?" అంది సన్నగా. "నాకు ఏలూరు మొత్తానికి అన్నారు."

స్తంభం వెనక నిలబడ్డ ఒక కుర్రవాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు.

బండి వస్తోందని మైకులో చెబుతున్నారు. జనం సామాన్లు ఎత్తుకుంటున్నారు. భూలక్ష్మి ఆ చివర నుంచి, కొత్త పెట్టె కనబడ్డ ప్రతివాళ్ళ దగ్గరా ఆగుతూ "ఏవండీ, మీకెక్కడ మొత్తానికన్నారు?" అని అడుగుతూ వస్తోంది. పరిచయం లేనివాళ్ళను నేనుగా ముందు పలకరించడం నా జీవితంలో లేదు. పంచె ఎగ్గట్టుకుని ఈ చివర నుంచి నేను మొదలుపెట్టాను.